గేటు పెట్టెలో ఉండిపోయిన సీటు

డిగ్రీ దరఖాస్తులో తండ్రి ఫోన్ నంబరు మాత్రమే రాయాలని మా ఊరి ఇంటర్ కాలేజీ వాళ్లు కాగితం అచ్చు వేసి పిల్లలకు పంచారు. అది తప్పు. ఐదో సూచన అది, కింద గీత కూడా గీశారు. ఆ ఒక్క వాక్యం వల్ల మా కింది పోర్షన్ అమ్మాయికి వచ్చిన సీటు ఒక సోమవారం సాయంత్రం ఐదు గంటలకు చేజారిపోయింది.

ఎందుకు తప్పో పటాన్‌చెరులో ఎవరికీ వివరించనక్కర్లేదు. వేరే ఊళ్ల వాళ్ల కోసం చెబుతున్నాను. మా దగ్గర తండ్రులు మందుల ఫ్యాక్టరీల్లో పని చేస్తారు. లోపల ఇట్టే అంటుకునే సాల్వెంట్లు ఉంటాయి, వాటి దగ్గర ఫోన్ మోగకూడదు. అందుకని డ్యూటీ ఎక్కే ముందు గేటు దగ్గర ఫోన్ ఆపేసి, సెక్యూరిటీ వాళ్ల పెట్టెలో పెట్టి, ఒక టోకెను తీసుకుని లోపలికి పోవాలి. దిగేటప్పుడు టోకెను ఇచ్చి ఫోన్ తీసుకోవాలి. అంటే మా తండ్రులు రోజుకు ఎనిమిది గంటలు, తర్వాతి షిఫ్టు మనిషి రాకపోతే పదహారు గంటలు ఎవరికీ దొరకరు. తల్లి నంబరు ఇవ్వొచ్చు కదా అనొచ్చు. ఈ అమ్మాయి తల్లి సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాక్ చేసే గదిలో పని చేస్తుంది. అక్కడ ఫోన్ సంగతి దేవుడెరుగు, చేతి గాజులు కూడా తీయిస్తారు.

ఇంత తెలిసిన నేను ఆ కాగితం చదివిన రోజు ఏం చేశాను? తల ఊపాను. ఆ సంగతికి వస్తాను.

నేను పదకొండేళ్ల వయసులో మేనమామ వెంట కోస్తా నుంచి ఇక్కడికి వచ్చినవాణ్ణి. మామయ్యకు ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగం. నా మాట విని అక్కడి చుట్టాలు తెలంగాణ వాడివైపోయావని నవ్వుతారు, ఇక్కడి వాళ్లు ఇన్నేళ్లైనా ఆ యాస పోలేదని నవ్వుతారు. బడి ఎనిమిదితో ఆగింది. తర్వాత చదివిందంతా డ్రమ్ముల మీద, గోడల మీది హెచ్చరిక బోర్డుల మీద, యంత్రాలతో పాటు పెట్టెల్లో వచ్చే పుస్తకాల్లో. మా పెద్దమ్మాయి ఆరో తరగతిలో ఉండగా నేను పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. ఒకే బల్ల మీద చదువుకున్నాం. ఆమె ఫస్టున పాసైంది, నేను పాసయ్యాను. ఆ సర్టిఫికెట్ చూపించి, ఈ అమ్మాయి తండ్రి ఇప్పుడు పని చేసే ఫ్యాక్టరీలోనే హెల్పర్ పని నుంచి టైమ్ ఆఫీసులోకి ఎక్కాను. ఎవరు ఎన్నింటికి లోపలికి వచ్చారు, ఎన్నింటికి బయటికి పోయారు అన్నది రాసే చోటు. రిటైరయ్యే దాకా అదే కుర్చీ.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కింది పోర్షన్ అమ్మాయి మెట్లెక్కి పైకి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. మర్నాడు కాలేజీలో గైడెన్స్ మీటింగ్ ఉందట, పేరెంట్స్ రావాలట, అమ్మకూ నాన్నకూ డ్యూటీ అట. పేరెంట్స్ బదులు తాత వస్తే ఏమన్నా అంటారా అని నేను అడిగితే, అననియ్యను అంది.

హాల్లో నగరం నుంచి వచ్చిన వక్త మైకు పట్టుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు. కలలు కనమన్నాడు, ఆకాశం చూడమన్నాడు. ఒక్కొక్కరినీ లేపి ఏం కావాలనుకుంటున్నారని అడిగాడు. సాఫ్ట్‌వేర్ అన్నారు, డాక్టర్ అన్నారు, ఒక అబ్బాయి ఎస్సై అన్నాడు. మా కింది పోర్షన్ అమ్మాయి లేచి క్యూసీ అంది. వక్తకు అర్థం కాలేదు. హాల్లో ఆయన ఒక్కడికే అర్థం కాలేదు. వెనక బెంచీ నుంచి ఎవరో, మందు మంచిగుందా లేదా చూసేటోళ్లు సార్ అని అందించారు. ఆయన నవ్వి, ఇంకొంచెం పెద్దగా ఆలోచించమ్మా అన్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. లేచి నిలబడ్డాను.

"అయ్యా, ఈ అమ్మాయి తండ్రి పన్నెండేళ్లుగా మందు తయారయ్యే రియాక్టర్ దగ్గర నిలబడుతున్నాడు. ఆయన చేసిన సరుకు గేటు దాటాలా వద్దా అని సంతకం పెట్టేది క్యూసీ వాళ్లు. తండ్రి చేసిన సరుకునైనా సరే ఆపగలిగే కుర్చీ కావాలంటోంది. ఇంతకంటే పెద్దగా ఎట్లా ఆలోచించాలి?"

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నన్ను చెడగొట్టాయి. ఇంటికి వచ్చే దాకా ఛాతీ దిగలేదు. ఆ ఊపులోనే మీటింగు చివర పంచిన కాగితం చదివాను. ఐదో సూచన దగ్గరికి వచ్చేసరికి, పిల్లల చేతుల్లో ఫోన్లు ఎందుకు, బాగా రాశారు అని పైకి అన్నాను.

అమ్మాయి అప్పుడే అడిగింది. "డాడీ ఫోను గేట్ల ఉంటది గదా తాతా?"

పెద్దవాళ్లు ఆలోచించకుండా అచ్చు వేస్తారా, రాయి అన్నాను. టైమ్ ఆఫీసులో జీవితం గడిపినవాణ్ణి. గేటు పెట్టెల సంగతి నాకంటే తెలిసినవాడు ఆ మండలంలో లేడు. అయినా అచ్చులో కనబడేసరికి నమ్మాను. చిన్నప్పటి నుంచి అచ్చును చూసి చదువు నేర్చుకున్నవాడి జబ్బు అది.

పరీక్షలయ్యాయి, ఫలితాలు వచ్చాయి. మంచి మార్కులే. దరఖాస్తు పెట్టిన వారం తండ్రికి రాత్రి షిఫ్టు. పగలు ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి ఫోన్‌కు వచ్చిన ఓటీపీలు నిద్ర కళ్లతోనే చదివి చెప్పాడు. అంతా సాఫీగా జరిగింది. సంగారెడ్డి కాలేజీలో కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ కలిసిన బీఎస్సీ మొదటి ఆప్షన్‌గా పెట్టాం. తల్లి పని చేసే చోట క్యూసీ గదిలో కూర్చునే వాళ్లంతా అదే చదివారట. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

సీటు వచ్చిందన్న మెసేజ్ శుక్రవారం వచ్చింది, తండ్రి ఫోన్‌కు. ఆ ఫోన్‌కు రోజూ లోను ఇస్తామని పది, ప్లాట్లు అమ్ముతామని పది మెసేజ్‌లు వస్తాయి. వాటి మధ్య అది మూడు రోజులు పడుకుంది. సోమవారం పొద్దున ఆరు గంటల షిఫ్టుకు పోతూ గేటు ముందు చాయ్ తాగుతుంటే ఆయన కంట పడింది. భార్యకు ఫోన్ చేసి చెప్పి, ఫోన్ ఆపి, పెట్టెలో పెట్టి లోపలికి పోయాడు. ఆమె పైకి వచ్చి నాకు చెప్పి, సుల్తాన్‌పూర్ బస్సుకు పరుగెత్తింది. నేను తొమ్మిదింటికి మిఠాయి కొట్టు తీయించినంత పని చేసి జిలేబీ తెచ్చి గల్లీ అంతా పంచాను. వద్దన్న వాళ్ల చేతిలో కూడా పెట్టాను.

మూడు గంటలకు అమ్మాయి సీటు కాగితం ప్రింటు తీయించుకుందామని నెట్ సెంటర్‌కు పోయింది. మూడున్నరకు పరుగెత్తుకుంటూ తిరిగి వచ్చింది. సీటు రావడం ఒక ఎత్తట, ఆ సీటు మాకు కావాలి అని ఆన్‌లైన్‌లో ఒప్పుకోవడం ఇంకో ఎత్తట. ఒప్పుకోవడానికి ఆ రోజే ఆఖరు, ఐదింటి దాకా. ఒప్పుకోవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ తండ్రి ఫోన్‌కు పోతోంది. రెండింటికి డ్యూటీ దిగాల్సిన తండ్రి ఇంకా రాలేదు. తర్వాతి షిఫ్టు మనిషి రాలేదని రాత్రి పది దాకా ఆయన్నే ఉంచేశారు. ఆ సంగతి కూడా మాకు తర్వాతే తెలిసింది. చెప్పడానికి ఆయన చేతిలో ఫోన్ ఏదీ?

అమ్మాయిని నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చోమని పంపి, ఆ సెంటర్ ఆయన నంబరు నా ఫోన్‌లో రాసుకుని ఆటో ఎక్కాను. ఇస్నాపూర్ చౌరస్తాలో లారీలు. డ్రైవరు నా మొహం చూసి, ఎవరికన్నా సీరియసా పెద్దాయనా అని అడిగాడు. అవునన్నాను. గేటు చేరేసరికి నాలుగూ ఇరవై.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన బీహారు మనిషి. నేను టైమ్ ఆఫీసులో ఉన్నప్పుడు కుర్రవాడుగా చేరాడు, ఇప్పుడు మీసం నెరిసింది. నన్ను చూసి సెల్యూట్ కొట్టాడు, కుర్చీ వేశాడు, చాయ్ తెప్పిస్తానన్నాడు. చాయ్ వద్దు, పెట్టె తెరువు, ఒక ఫోన్ కావాలి అన్నాను. టోకెన్ ఏదని అడిగాడు. లేదన్నాను. ఆయన చాలా మర్యాదగా గోడ మీది బోర్డు వైపు చెయ్యి చూపించి అన్నాడు:

"రూల్ తో ఆప్ హీ కా హై, సాబ్."

నిజమే, రూలు నాదే. ఒకసారి ఒకాయన టోకెనుతో వాళ్ల బావమరిది వచ్చి ఫోన్ పట్టుకుపోయాడు, పెద్ద గొడవైంది. ఆ వారమే నేను మేనేజరుతో మాట్లాడి ఆ రూలు పెట్టించాను. తెలుగులో, హిందీలో నేనే రాసిచ్చాను. 'టోకెను ఉండాలి, మనిషి ఉండాలి. రెండూ ఉంటేనే ఫోను.' అప్పట్లో మేనేజరు నా భుజం తట్టాడు. ఇప్పుడు దాని కింద నిలబడి, అది ఎంత మొండి వాక్యమో చూశాను. ఆయన నా మీది గౌరవంతో పెట్టె తెరిచి ఉంటే మాత్రం, సీటు దొరికిన ఆనందంలో కూడా ఆయన్ని తిట్టే ఇంటికి వచ్చేవాణ్ణి. అది కూడా నిజమే.

ఆయన లోపలికి ఫోన్ చేసి కబురు పెట్టాడు. తండ్రి రియాక్టర్ దగ్గర ఉన్నాడు, బ్యాచ్ వేడెక్కుతోంది. ఆ స్థానంలో షిఫ్టు కెమిస్టు వచ్చి నిలబడితే తప్ప కదలడానికి లేదు. నాలుగూ యాభై ఒకటికి బయటికి వచ్చాడు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పరుగెత్తుతూ. టోకెను ఇచ్చాడు, రిజిస్టరులో సంతకం పెట్టాడు, ఫోన్ తీసి ఆన్ చేశాడు. పాత ఫోన్. కంపెనీ బొమ్మ చూపించింది, పాట పాడింది, సిగ్నల్ వెతుక్కుంది. తర్వాత మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి రాలాయి. లోను, గ్యాసు, ప్లాటు, ఓటీపీ, ఓటీపీ, మళ్లీ లోను. ఆయన చదువుతుంటే నేను నా ఫోన్‌లో నెట్ సెంటర్ ఆయనకు అంకెలు అరిచాను. అది పాతది, పని చేయదు, కొత్తది పంపిస్తున్నా జల్దీ చెప్పున్రి అన్నాడు. కొత్తది వచ్చింది. చెప్పాను. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

ఐదైంది, పేజీ బందయిందని చెప్పి నెట్ సెంటర్ ఆయన ఫోన్ అమ్మాయికి ఇచ్చాడు. ఏడుస్తుందనుకున్నాను.

"డాడీని లోపలికి పొమ్మనున్రి తాతా. బ్యాచ్ ఆగమైతది."

ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన ఫోన్ మళ్లీ ఆపి, పెట్టెలో పెట్టి, టోకెను జేబులో వేసుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, జిలేబీలు గూడ పంచినవంట గద కాకా, రెండింటి షిఫ్టుకచ్చిన మన గల్లీ వాళ్లు చెప్పిన్రు అని లోపలికి పోయాడు.

మంగళవారం ఇంటర్ కాలేజీకి పోయాను. ఐదో సూచన సంగతి అడిగితే ప్రిన్సిపాల్, ఆ కాగితం పిల్లల మంచి కోసమే వేశాం, ఫోన్ చేతికిస్తే చెడిపోతారు కదా, మీరు పెద్దవాళ్లు మీకు తెలియదా అన్నారు. చెడిపోకుండా సీటు పోయింది సార్ అన్నాను. సంగారెడ్డిలో ఒక కాలేజీలో అడ్మిషన్ల హెల్ప్ సెంటర్ ఉంది, అక్కడికి పొమ్మన్నారు. రెండో జాబితా శుక్రవారం. అది వచ్చిందంటే ఆ సీటు ఇంకొకరిది.

ఆ సాయంత్రం కూర్చుని మూడు పేజీల ఉత్తరం రాసి, టైపు చేయించాను. మొదటి పేజీలో ఐదో సూచన ఎందుకు తప్పో. రెండో పేజీలో సోమవారం ఏం జరిగిందో, నిమిషాలతో సహా. మూడో పేజీలో రెండు కోరికలు: సీటు అమ్మాయికే ఉంచాలి, దరఖాస్తులో తండ్రి నంబరు తీసేసి నా నంబరు పెట్టాలి. నేను రిటైరైనవాణ్ణి, ఫోన్ పగలంతా జేబులోనే ఉంటుంది, ఎప్పుడు చేసినా ఎత్తుతాను అని హామీ కూడా రాశాను. ఉత్తరానికి గేటు రిజిస్టరు నకలు జత చేశాను. ఫోన్ లోపల పెట్టిన టైము, తీసిన టైము, మళ్లీ పెట్టిన టైము, కింద సెక్యూరిటీ ఆయన సంతకం. నోటి మాట కంటే రిజిస్టరు బలమైనదని నా నమ్మకం.

నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం కూడా పెట్టిద్దామన్నాను. ఇప్పుడు అవన్నీ లేవు తాతా, మన సంతకం మనమే పెట్టుకోవాలె అంది అమ్మాయి. ఆ మాట నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. పదిహేడేళ్లప్పుడు ఐటీఐలో చేరడానికి నేను దరఖాస్తు పెట్టాను. ఎనిమిదితో చేర్చుకునే ట్రేడు ఒకటి ఉందని ఎవరో చెప్పారు. గెజిటెడ్ సంతకం కావాలన్నారు. మాకు తెలిసిన గెజిటెడ్ అధికారి ఒక్కడే, పశువుల డాక్టరు. గేదెకు సూది వేసే దాకా ఆగి, ఆయనతో సంతకం, ముద్ర వేయించుకున్నాను. ఐటీఐ గుమాస్తా ఆ ముద్ర చదివి, దరఖాస్తు నీదా ఎద్దుదా అని గది అంతా నవ్వించి, పక్కన పడేశాడు. ఆ సంతకం చెల్లుతుందని చెప్పేవాళ్లు నాకు ఎవరూ లేరు. చెల్లుతుందని పుస్తకంలో చదివి తెలుసుకునేసరికి నాకు ముప్ఫై దాటాయి. గైడెన్స్ అంటే నా దృష్టిలో అదే. ఆకాశం చూపించడం కాదు, ఏ ముద్ర చెల్లుతుందో చెప్పడం.

బుధవారం పొద్దున ఇద్దరం సంగారెడ్డి బస్సెక్కాం. అమ్మాయి ఉత్తరం అడిగి తీసుకుని చదివింది. మొదటి రెండు పేజీలకు నవ్వుకుంది, గేటు బోర్డు గురించి కూడా రాసిన్రా అంది. మూడో పేజీ దగ్గర నవ్వు ఆగింది. కంది ఊరు దాటాక ఆ పేజీ నా ముందు పెట్టింది.

"తాతా, ఇది మల్ల గదే కాయితం గాదా?"

"ఏ కాగితం?"

"గా ఐదో సూచన. డాడీ నంబరు కొట్టేసి మీ నంబరు వెట్టిన్రు. నా సీటు ఎప్పటికీ ఎవరిదో ఒకరి జేబులనే ఉండాల్నా?"

నీకు ఫోన్ లేదు కదా అన్నాను. అమ్మ పాత ఫోన్ ఉందట, కొత్త సిమ్ వేయిస్తానని డాడీ నిన్ననే అన్నాడట. నాకెవరూ చెప్పలేదు. మూడు కాపీలు టైపు చేయించాక ఇప్పుడెట్లా మారుస్తాం, ముందు సీటు దక్కనీ, తర్వాత చూద్దాం అన్నాను. ఇంకో మాట కూడా అన్నాను: పెద్దవాళ్లు ఉన్నది ఎందుకు? ఆమె ఉత్తరం మడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

హెల్ప్ సెంటర్ కౌంటర్ దగ్గర నేను జిరాక్సు కోసం పక్క గదిలోకి పోయి వచ్చేసరికి ఉత్తరం ఇచ్చేసి, ముద్ర వేయించుకుని నిలబడి ఉంది. నా పెన్ను నాకు తిరిగి ఇచ్చింది. కోఆర్డినేటర్ మేడమ్ రాలేదు, రేపు రమ్మన్నారు.

గురువారం పదకొండింటికి మేడమ్ గది ముందు వరండాలో కూర్చున్నాం. ఆ రోజు అక్కడ ఇంకో ముప్ఫై మంది దాకా ఉన్నారు. కొల్లూరు నుంచి వచ్చిన ఒక తల్లి, భానూర్ నుంచి వచ్చిన అన్నా చెల్లెలు. ఒకరి తర్వాత ఒకరిని కదిలిస్తే సగం మందిది ఒకటే కథ, నంబరు ఒకరిది, దరఖాస్తు ఇంకొకరిది. నేను ఊరుకోలేక అందరికీ ఐదో సూచన చదివి వినిపించాను. అన్న తన చెల్లెలి దరఖాస్తులో ఇచ్చింది తన నంబరేనని ఒప్పుకుని తల గోక్కున్నాడు. చెల్లెలు, ఓటీపీ అడిగితే ఆటలో ఉన్న అంటడు తాతా అని చెప్పింది. అందరం నవ్వాం. అటెండరు బయటికి వచ్చి, మీటింగ్ లోపల నడుస్తోందా బయట నడుస్తోందా పెద్దాయనా అని అడిగాడు.

నాలుగింటికి ఆ అటెండరే ఒక కవరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పచ్చ సిరాతో సంతకం, కింద ముద్ర. వరండా మొత్తం చుట్టూ మూగింది. అమ్మాయి దగ్గరికి రాలేదు, గోడకు ఆనుకుని నిలబడింది. కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాను.

"మీ ఉత్తరం మూడు పేజీలూ చదివాం. గేటు రిజిస్టరు నకలు ఫైల్లో చేర్చాం. ఐదో సూచన విషయంలో మీరు రాసింది సరైనదే. ఆ కాగితం పంచిన కాలేజీకి అది తీసేయమని ఈ రోజే రాస్తున్నాం. అయితే నంబరు మార్పు గురించిన మీ కోరికను అంగీకరించడం లేదు. మీ సంతకం కింద విద్యార్థిని తన చేత్తో రాసిన రెండు వాక్యాలనే, అంటే 'పైన రాసిన నంబరు వద్దు. నా నంబరు నేనే తెచ్చి ఇస్తాను' అన్నదాన్నే, దరఖాస్తుగా తీసుకున్నాం. రేపు పది గంటలకు ఆమె తన ఫోనుతో, ఒరిజినల్ సర్టిఫికెట్లతో వచ్చి సీటు ఒప్పుకోవాలి. అప్పటి దాకా ఆ సీటు ఆమెదే. మీరు రావలసిన అవసరం లేదు. వస్తే కుర్చీ వేయిస్తాం."